చేతిలో ఒకటి ఎక్కడిది? స్థాన విలువలతో కూడికలు నేర్పే పద్ధతి

47, 38 కూడమంటే 715 అని రాసిచ్చే పిల్లలు ఉంటారు. చూడగానే 'వీళ్ళకు కూడికలు రావు' అనేస్తాం. కానీ ఏడూ ఎనిమిదీ పదిహేను, నాలుగూ మూడూ ఏడు. రెండూ సరిగ్గానే చేశారు. ఏడు పక్కన పదిహేను పెట్టేశారు, అంతే. వాళ్ళకు అందనిది కూడిక కాదు, ఒకట్ల గడిలో పదిహేను పట్టదన్న సంగతి.

ఆ సంగతి అర్థమైతే రెండంకెల కూడికైనా, లక్షల్లో కూడికైనా ఒకటే పని. ఏ స్థానంలోనైనా పది నిండితే, ఆ పదీ కలిసి ఎడమ పక్క స్థానంలో ఒకటి అవుతాయి. పది ఒకట్లు ఒక పది, పది పదులు ఒక వంద, పది వందలు ఒక వెయ్యి. ఒక స్థానం నుంచి పక్క స్థానానికి వెళితే విలువ పది రెట్లవుతుందని ఆర్యభటుడు క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలోనే చెప్పాడు. కూడికలో మనం 'చేతిలో ఒకటి' అనే మాట వెనకున్నది ఆ లెక్కే.

ముందు సంఖ్యను సరిగ్గా రాయడం

కూడికలో తప్పులనుకునేవాటిలో చాలావాటి మూలం కూడికలో ఉండదు, సంఖ్యను రాయడంలో ఉంటుంది. 'నాలుగు వందల ఏడు' అంటే 4007 అని, 'వెయ్యి ఇరవై ఐదు' అంటే 100025 అని రాస్తారు. చెవికి విన్నది విన్నట్టు రాస్తే అదే వస్తుంది: నాలుగు వందలు 400, ఏడు 7, రెండూ పక్కపక్కన పెడితే 4007.

మన భాష ఇక్కడ చాలావరకు సాయపడుతుంది. ఇరవై ఐదు, ముప్పై ఐదు, నలభై ఐదు అని పదులూ ఒకట్లూ వరసగా, రాసే క్రమంలోనే పలుకుతాం. హిందీలో నేర్చుకునేవాళ్ళు 99 దాకా దాదాపు ప్రతి సంఖ్య పేరూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. మనకు పదకొండు నుంచి పంతొమ్మిది దాకానే ఆ మెలిక. అయితే మూడుచోట్ల జాగ్రత్త కావాలి. ఇరవై, అరవై ఒకలాగే వినిపిస్తాయి. యాభై, ఎనభై కూడా అంతే. డెబ్బైలో ఏడు అసలు వినిపించదు. ఇంగ్లీషు మీడియం పిల్లలకు ఇవి కాక ఫిఫ్టీన్, ఫిఫ్టీ గొడవ ఒకటి. చెప్పి రాయించేటప్పుడు ఈ జంటలను కావాలనే పక్కపక్కన ఇవ్వండి: 26, 62, 66, 58, 85, 88.

4007 జబ్బుకు మందు అట్టముక్కల కార్డులు. ఇంట్లోనే కత్తిరించుకోవచ్చు. ఒకట్ల కార్డు 3 సెంటీమీటర్ల వెడల్పు, పదుల కార్డు 6, వందల కార్డు 9. ఎత్తు అన్నిటికీ ఒకటే. 1 నుంచి 9 దాకా తొమ్మిది, 10 నుంచి 90 దాకా తొమ్మిది, 100 నుంచి 900 దాకా తొమ్మిది, మొత్తం 27 కార్డులు. ప్రతి అంకెనూ 3 సెంటీమీటర్ల గడి మధ్యలో రాయాలి. ఇప్పుడు 400 కార్డు కింద పెట్టి, దాని మీద 7 కార్డును కుడి అంచులు కలిసేలా పెడితే చివరి సున్న మూతపడి 407 కనిపిస్తుంది. 7ను ఎత్తితే కింద సున్న ఉంటుంది. ఆ సున్న ఎక్కడికీ పోలేదని, ఏడుకు చోటిచ్చిందని పిల్లలు కళ్ళతో చూస్తారు. 365ను విడదీయమంటే 300, 60, 5 అని మూడు కార్డులు చేతికొస్తాయి. పాఠ్యపుస్తకంలో విస్తరణ రూపం అనేది ఇదే.

పుల్లలు, తర్వాత డబ్బు

కాగితం మీదికి వెళ్ళేముందు చేత్తో కూడించాలి. 100 చీపురుపుల్లలను ఒకే పొడవుకు విరిచి, ఓ గుప్పెడు రబ్బరు బ్యాండ్లు పెట్టుకుంటే 99 దాటని కూడికలన్నీ చేయించవచ్చు. ఐస్‌క్రీమ్ పుల్లలైనా సరే. చింతగింజలు మాత్రం దీనికి పనికిరావు, కట్ట కట్టలేం కదా. కావాలంటే పదేసి చొప్పున చిన్న కవర్లలో వేయాలి.

47 అంటే నాలుగు కట్టలు, ఏడు విడి పుల్లలు. 38 అంటే మూడు కట్టలు, ఎనిమిది విడి పుల్లలు. బల్ల మీద సుద్దముక్కతో నిలువుగా ఒక గీత గీసి ఎడమవైపు కట్టలు, కుడివైపు విడి పుల్లలు పెట్టించండి. ముందు విడి పుల్లలు కలుపుతారు: పదిహేను. వాటిలోంచి పదింటిని లెక్కపెట్టి, కట్ట కట్టి, గీత దాటించి ఎడమవైపు పెట్టాలి. కుడివైపు ఐదు మిగిలాయి. ఎడమవైపు నాలుగు, మూడు, ఇప్పుడొచ్చిన ఒకటి, మొత్తం ఎనిమిది కట్టలు. 85.

కట్ట పిల్లలే కట్టాలి. ముందే కట్టిన కట్టలు ఇచ్చి 'ఇది పది' అని చెబితే పని త్వరగా అవుతుంది కానీ, నేర్పాల్సిన విషయమే జారిపోతుంది. పది విడివిడిగా ఉన్నప్పుడూ, కట్టగా ఉన్నప్పుడూ అవే పుల్లలని వాళ్ళ వేళ్ళకు తెలియాలి. ఐదారు కూడికలు ఇలా చేశాక 'కుడివైపు ఎప్పుడు కట్ట కట్టాలి?' అని అడగండి. 'తొమ్మిది దాటితే' అన్న జవాబు వాళ్ళ నోటి నుంచి వచ్చేదాకా తర్వాతి మెట్టుకు వెళ్ళకూడదు.

ఆ తర్వాత డబ్బు. రూపాయి బిళ్ళలు, పది నోట్లు, వంద నోట్లు ఈ మూడే వాడాలి. రెండు, ఐదు బిళ్ళలూ, ఇరవై, యాభై, రెండొందలు, ఐదొందల నోట్లూ పక్కన పెట్టేయండి. అవి బజారులో ఎంత పనికొచ్చినా వాటికి స్థానం లేదు. మధ్యలో చేరితే పదికి ఒకటి అన్న మారకం చెడిపోతుంది. ఒకరు బ్యాంకులా కూర్చుని, పది బిళ్ళలు తెచ్చినవాళ్ళకు ఒక పది నోటు, పది పది నోట్లు తెచ్చినవాళ్ళకు ఒక వంద నోటు ఇవ్వాలి. పుల్లల కట్టలో పది పుల్లలు కనిపిస్తాయి, పది నోటులో పది రూపాయలు కనిపించవు. కనిపించని పదిని నమ్మడం అంకెల కూడికకు ఒక మెట్టు ముందు. అందుకే ముందు పుల్లలు, తర్వాత డబ్బు. క్రమం తిప్పేస్తే కొందరు పది నోటును కూడా 'ఒకటి' అనే లెక్కపెడతారు.

పదికి ఒకటి అన్నది దేవుడిచ్చిన లెక్కేమీ కాదు, మనం పెట్టుకున్న మారకం. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. 3 రూపాయల 9 అణాలకు 2 రూపాయల 11 అణాలు కలిపితే అణాలు 20. అందులో 16 తీసి ఒక రూపాయి చేస్తే 4 అణాలు మిగిలి, మొత్తం 6 రూపాయల 4 అణాలు. 'పదహారణాల' అన్న మాట మనకు అక్కడి నుంచే వచ్చింది. గంటలు, నిమిషాల కూడికలో ఇవాళ్టికీ 60కి ఒకటి. నాలుగైదు తరగతుల పిల్లలకు ఇలాంటిది ఒకటి చేయించి చూడండి. 'చేతిలో ఒకటి'ని కంఠతా పట్టినవాళ్ళు 20 అణాలు చూసి సున్న వేసి రెండు చేతిలో పెట్టుకుంటారు, అది ఎందుకొస్తుందో అర్థమైనవాళ్ళు మారకం ఎంతని అడుగుతారు.

పదికి జంటలు

స్థాన విలువ తెలిసినా, 8కి 5 కలపడానికి ప్రతిసారీ వేళ్ళు ముడుస్తుంటే పెద్ద కూడికలో దారి తప్పుతారు. పదికి జంటలు నోటికి రావాలి: 9కి 1, 8కి 2, 7కి 3, 6కి 4, 5కి 5. ఇవి వస్తే 8కి 5 కలపడం ఇలా సాగుతుంది: ఎనిమిదికి రెండు ఇస్తే పది నిండింది, ఐదులో మూడు మిగిలింది, పదమూడు. పుల్లలతో చేసిన పనే ఇది, మనసులో. రోజుకు ఐదు నిమిషాలు 'ఏడుకు ఎంత?' 'మూడు' అన్నట్టు ప్రశ్నాజవాబులుగా ఆడితే చాలు.

కాగితం మీద

గళ్ళ నోటుబుక్కు తీసుకోండి. గడికి ఒక్క అంకె. అది లేకపోతే రూళ్ళ పుస్తకాన్ని అడ్డంగా తిప్పండి, గీతలు నిలువుగా మారి స్థానాలకు దారులవుతాయి. తెల్లకాగితం మీద చేయించవద్దు, కనీసం మొదటి ఏడాది.

మొదట అంచనా. 276కు 158 కూడాలంటే, దాదాపు 300, దాదాపు 150, జవాబు 450 దరిదాపుల్లో ఉండాలి. ఈ అంచనాను పక్కన మార్జిన్‌లో రాయించండి. 715 లాంటి జవాబులు ఇక్కడే దొరికిపోతాయి: 47 అంటే యాభై లోపు, 38 అంటే నలభై లోపు, రెండూ కలిపితే తొంభై దాటవు, ఏడువందలు ఎక్కడి నుంచి వచ్చాయి?

తర్వాత గళ్ళకు పేర్లు. కుడి నుంచి ఎడమకు ఒ, ప, వ, వే అని పైన రాయాలి. ఉన్న సంఖ్యల్లో పెద్దదానికి ఎన్ని అంకెలుంటే దానికంటే ఒక గడి ఎడమవైపు ఎక్కువ వదలాలి. 98,765కు 4,567 కూడినప్పుడు ఆ ఖాళీ గడి ఎందుకో తెలుస్తుంది: జవాబు 1,03,332, లక్షల స్థానం కొత్తగా తెరుచుకుంది.

సంఖ్యలను కుడి అంచు కలిపి రాయాలి, ఒకట్ల కింద ఒకట్లు. 4,305 కింద 87 రాయమంటే కొందరు ఎడమ నుంచి మొదలుపెట్టి 43 కింద 87 వేస్తారు. అప్పుడు 87 కాస్తా 8,700 అయి కూర్చుంటుంది, జవాబు 4,392 బదులు 13,005 వస్తుంది. నోటుబుక్కులో ఏ పాఠమైనా ఎడమ నుంచే రాస్తాం కాబట్టి ఇది అలవాటు చేసే తప్పు. మొదటి కొన్ని రోజులు ఒకట్ల అంకెను ముందు రాయించి, కుడి నుంచి ఎడమకు వెళ్ళమనండి.

మొదట్లో పొడుగు పద్ధతి మంచిది:

276 + 158
ఒకట్లు: 6 + 8 = 14
పదులు: 70 + 50 = 120
వందలు: 200 + 100 = 300
మొత్తం: 14 + 120 + 300 = 434

ఇందులో చేతిలో పెట్టుకునేది ఏమీ లేదు. పదుల దగ్గర 'ఏడూ ఐదూ పన్నెండు' అనకుండా 'డెబ్బై, యాభై, నూట ఇరవై' అనాలి. ఈ పద్ధతి ఇచ్చే లాభమంతా ఆ పలకడంలోనే ఉంది. ఎడమ నుంచి మొదలుపెట్టినా జవాబు మారదు. చాలామంది బళ్ళో దీన్ని దాటేసి నేరుగా పొట్టి పద్ధతికి వెళతారు. అది తొందరపాటు, పొట్టి పద్ధతి అంటే ఈ పొడుగుదాన్నే ఒక్క వరసలో ఇరికించడం అని తెలియకపోతే, పిల్లలకు అది మంత్రంలా మిగిలిపోతుంది.

పొట్టి పద్ధతి ఇలా. ఒకట్లు: 6, 8 కలిపి 14. అందులో 4 ఒకట్లు, ఒక పది. ఒకట్ల కింద 4 రాసి, ఆ పదిని పదుల గడి నెత్తిన చిన్నగా 1 అని రాయాలి. పదులు: 7, 5, పైనున్న 1 కలిపి 13 పదులు, అంటే ఒక వంద, 3 పదులు. 3 రాసి, వందల నెత్తిన 1. వందలు: 2, 1, ఇంకో 1 కలిపి 4. జవాబు 434.

'నాలుగు వేసి ఒకటి చేతిలో' అనే మాట మనందరి నోళ్ళలో పాతుకుపోయింది. దాన్ని వదలక్కర్లేదు, కొంచెం పొడిగించండి: 'నాలుగు వేసి ఒక పది చేతిలో', 'మూడు వేసి ఒక వంద చేతిలో'. ఆ ఒక్క మాట చేరిస్తే చాలు, ఆ ఒకటి ఏ గడికి వెళ్ళాలో అదే చెబుతుంది.

కుడి నుంచి ఎందుకు మొదలుపెట్టాలని పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. నియమమేమీ కాదు. ఎడమ నుంచి మొదలుపెడితే వందల కింద 3 రాశాక, పదుల నుంచి ఇంకో వంద వచ్చిపడుతుంది; 3 కొట్టేసి 4 చేయాలి. కుడి నుంచి వస్తే కొట్టివేత ఉండదు.

సున్న దగ్గర ఆగండి

506 + 297 ప్రత్యేకంగా చేయించాల్సిన లెక్క. ఒకట్లు 13: 3 రాసి ఒక పది చేతిలో. పదులు 0, 9, 1 కలిపి సరిగ్గా 10: అంటే ఒక వంద, పదులు సున్న. ఆ సున్న రాయాలి. 'ఏమీ మిగల్లేదు కదా' అని గడి ఖాళీగా వదిలేస్తే, వందల దగ్గర 8 వచ్చి 83 అయిపోతుంది. సరైన జవాబు 803. చెరిపినా ఫర్వాలేదనుకునే సున్న లేదు, ఎడమవైపు కొసన తప్ప.

ఇంకో తప్పు: పై సంఖ్యలో సున్న ఉంటే, 'సున్నకు ఏం కలిపినా సున్నే' అని గుణకార నియమాన్ని తెచ్చి పెట్టడం. ఎక్కాలు కొత్తగా నేర్చుకుంటున్న పిల్లలు ఇలా చేస్తుంటారు. ఖాళీ జేబులో తొమ్మిది రూపాయలు వేస్తే ఎంతుంటుందని అడిగితే చాలు.

చేతిలో ఒకటి రాని చోట కూడా అలవాటుగా ఒకటి కలిపేయడం, 42 + 36ను 88 చేయడం, వరసగా చేతిలో ఒకటి వచ్చే లెక్కలే ఇరవై ఇచ్చినందువల్ల వస్తుంది. వచ్చేవీ రానివీ కలిపి ఇవ్వాలి. 15లో 1 కింద రాసి 5ను పైకి పంపడం ఇంకో రకం. పదిహేనులో పది ముందు వినిపిస్తుంది కాబట్టి ఒకటిని ముందు రాసేస్తారు. వీళ్ళను మళ్ళీ పుల్లల దగ్గరికి తీసుకెళ్ళి, 'గీత దాటేది కట్టా, విడి పుల్లలా?' అని అడగండి.

పొడవైన పట్టీ కూడడం

ఇంటి ఖర్చుల పుస్తకంలో ఐదు పద్దులున్నాయనుకుందాం: కిరాణా 3,485, పాలు 1,890, కరెంటు 967, కూరగాయలు 2,178, ఫోను 299.

ఒకట్లు: 5, 0, 7, 8, 9 కలిపి 29. 9 రాసి 2 పదులు చేతిలో.
పదులు: 8, 9, 6, 7, 9 కలిపి 39, చేతిలో 2తో 41. 1 రాసి 4 వందలు చేతిలో.
వందలు: 4, 8, 9, 1, 2 కలిపి 24, చేతిలో 4తో 28. 8 రాసి 2 వేలు చేతిలో.
వేలు: 3, 1, 2 కలిపి 6, చేతిలో 2తో 8.
మొత్తం 8,819.

చేతిలో వచ్చేది ఎప్పుడూ ఒకటే అనుకునే పిల్లలు ఇక్కడ తడబడతారు. రెండు సంఖ్యలు కూడినప్పుడు మాత్రమే అది ఒకటి దాటదు, ఎందుకంటే 9, 9, పైన 1 కలిపినా 19. మూడు సంఖ్యలైతే 2 దాటదు, ఐదైతే 4 దాటదు. ఎన్ని సంఖ్యలు కూడుతున్నామో, చేతిలోది దానికంటే కనీసం ఒకటి తక్కువ ఉంటుంది. ఐదు పద్దుల పట్టీలో ఎక్కడైనా చేతిలో 5 వచ్చిందంటే అక్కడ ఆగి మళ్ళీ కూడండి.

నిలువు వరసలో అంకెలను వరసగానే కూడాలనేం లేదు. పదికి జంటలు దొరికితే ముందు వాటిని ఏరుకోండి, కూడినవాటి మీద సన్నగా ఒక గీత గీయండి. ఇరవై, ముప్పై పద్దుల పట్టీ అయితే ఐదేసి పద్దులకు ఒక మొత్తం వేసుకుని, చివర ఆ మొత్తాలను కూడండి. తప్పు జరిగితే అంతా తిరగతోడక్కర్లేదు, ఆ ఐదింటినే చూస్తే సరి.

తేడా చెప్పే కబురు

మొత్తం సరిచూసుకోవడానికి తేలికైన పని, మొదటిసారి పై నుంచి కిందికి కూడి, రెండోసారి కింది నుంచి పైకి కూడడం. అంకెల వరస మారుతుంది కాబట్టి మొదటిసారి నాలిక చేసిన పొరపాటే మళ్ళీ చేయదు.

రెండోది తొమ్మిదులు తీసేసే పద్ధతి. ప్రతి సంఖ్యలోని అంకెలను కూడుతూ ఒక్క అంకె మిగిలేదాకా వెళ్ళాలి, 9 వస్తే సున్నగా తీసుకోవాలి. 3,485: 20, అంటే 2. 1,890: 18, 9, అంటే 0. 967: 22, అంటే 4. 2,178: 18, అంటే 0. 299: 20, అంటే 2. ఇవన్నీ కలిపితే 8. మొత్తం 8,819: 26, అంటే 8. కలిసింది. ఇది గారడీ కాదు, స్థాన విలువే: 10, 100, 1,000 వేటిని 9తో భాగించినా మిగిలేది 1. కాబట్టి 3,000లోంచి తొమ్మిదులన్నీ తీసేస్తే 3, 400లోంచి తీసేస్తే 4. అంకెలు కలిపితే సరిపోయేది అందుకే. ఇందులో కలవకపోతే లెక్క కచ్చితంగా తప్పు. కలిసినంత మాత్రాన ఒప్పని చెప్పలేం. 967ను 976 అని రాసుకున్నా అంకెల మొత్తం మారదు కదా.

మీ మొత్తానికీ, ఉండాల్సిన మొత్తానికీ తేడా వస్తే, మళ్ళీ కూడే ముందు ఆ తేడాను చూడండి. పుస్తకాలు రాసే గుమాస్తాల చిట్కా ఇది.

తేడా సరిగ్గా 10, 100, 1,000 ఇలా ఉంటే చేతిలోది ఎక్కడో జారింది. మీకు 8,719 వచ్చిందంటే 100 తక్కువ: పదుల నుంచి వందలకు వెళ్ళాల్సిన నాలుగులో మూడే వెళ్ళాయి, లేదా వందల వరసలోనే ఒకటి తక్కువ కూడారు. మిగతా వరసల జోలికి పోనక్కర్లేదు.

తేడాను 9తో భాగిస్తే ఏమీ మిగలకపోతే రెండు అనుమానాలు. ఒకటి, పక్కపక్క అంకెలు తారుమారయ్యాయి. 2,178ను 2,718 అని రాసుకుంటే తేడా 540. దాన్ని 9తో భాగిస్తే 60. ఇందులో 6 పదుల స్థానంలో ఉంది కాబట్టి తారుమారైంది పదులు, వందల మధ్య. ఆ రెండంకెల తేడా 6. పట్టీలో 1, 7 పక్కపక్కన ఉన్న పద్దు వెతికితే దొరుకుతుంది. రెండో అనుమానం, సంఖ్య ఒక గడి జరిగింది. 967ను 9,670 స్థానంలో వేస్తే తేడా 8,703. 9తో భాగిస్తే 967, దొంగ పేరుతో సహా దొరికాడు.

తేడా పట్టీలోని ఒక పద్దుతో సరిగ్గా సమానమైతే దాన్ని వదిలేశారు, లేదా రెండుసార్లు కూడారు.

నోటితో కూడేటప్పుడు

కాగితం లేనప్పుడు ఎడమ నుంచే వెళ్ళండి, పలికే క్రమం అదే కాబట్టి. 358కి 476: మూడు వందల యాభై ఎనిమిదికి నాలుగు వందలు కలిపితే 758, డెబ్బై కలిపితే 828, ఆరు కలిపితే 834. మనసులో ఏ సమయంలోనైనా ఒకే సంఖ్య ఉంటుంది. కాగితం మీది పద్ధతిని గాల్లో వేళ్ళతో చేయబోతే, చేతిలోవి, రాసినవి, రాయాల్సినవి అన్నీ ఒకేసారి మోయాలి.

299, 998 లాంటివి ఎదురైతే నిండు సంఖ్యకు జరపండి. 467కు 299 కలపాలంటే 467లోంచి ఒకటి తీసి 299కి ఇస్తే 300, 466: మొత్తం 766. ఇచ్చినదాన్ని అవతల తీయడం మరిచిపోతే ఒకటి ఎక్కువొస్తుంది.

లక్షలు, మిలియన్లు

మన పద్ధతిలో కామా కుడి నుంచి మొదట మూడంకెల తర్వాత, ఆపైన రెండేసి అంకెలకు. 12,50,000 పన్నెండు లక్షల యాభై వేలు. విదేశాల్లో ఉన్నవాళ్ళ కాగితాల్లో అదే సంఖ్య 1,250,000 అని మూడేసి అంకెలకు కామాతో ఉంటుంది. రెండు రకాలూ కూడాల్సి వస్తే కామాలను బట్టి వరసలు సర్దకండి. కామాలన్నీ తీసేసి, కుడి అంచు కలిపి రాసి, జవాబు వచ్చాక మీకు కావాల్సిన చోట కామాలు పెట్టుకోండి. 1,250,000కు 8,75,500 కలిపితే 21,25,500. పది లక్షలు ఒక మిలియన్, కోటి అంటే పది మిలియన్లు, వంద కోట్లు ఒక బిలియన్. పేర్లు మారినా గళ్ళు అవే.

సాధనకు వరస

లెక్కలను ఏవి పడితే అవి ఇవ్వకుండా, ఒక్కోటి ఒక్కో ఇబ్బందిని పరిచయం చేసేలా ఈ వరసలో ఇవ్వండి. ఒక్కో రకానికి మూడు నాలుగు తయారు చేసుకోవచ్చు. ఒక రకంలో వరసగా మూడు తప్పకుండా చేశాకే తర్వాతిది.

52 + 36 = 88. చేతిలో ఏమీ రాదు.
46 + 27 = 73. ఒకట్ల నుంచి ఒక పది.
364 + 273 = 637. ఒకట్ల నుంచి ఏమీ రాదు, పదుల నుంచి ఒక వంద. చేతిలోది ఒకట్ల దగ్గరే వస్తుందనుకునేవాళ్ళు ఇక్కడ బయటపడతారు.
487 + 356 = 843. రెండుచోట్లా.
608 + 195 = 803. సరిగ్గా పది, సున్న రాయాలి.
5,070 + 968 = 6,038. అంకెల సంఖ్య వేరు, పైగా సున్నలు.
9,999 + 1 = 10,000. ఒక్క రూపాయి బిళ్ళ చేరితే నాలుగు గళ్ళూ ఒకదాని తర్వాత ఒకటి నిండి ఖాళీ అవుతాయి. దీన్ని కాగితం ముక్కల మీద రాసుకున్న ఉత్తుత్తి నోట్లతో కూడా చేసి చూపించండి.
76,548 + 23,452. జవాబు ముందే చెప్పకుండా, ఒకట్ల నుంచి ఒక్కో గడి పెద్దగా పలుకుతూ చేయించండి. రెండు గళ్ళు అయ్యేసరికి పిల్లలకు అనుమానం వస్తుంది, మూడో గడికి నవ్వు మొదలవుతుంది, అయిదో గడి దాటాక ఎడమవైపు వదిలిన ఖాళీ గడిలో లక్ష వాళ్ళే రాస్తారు.